నిన్నటి గాటు, నేటి దైవం: అతుక్కుపోయిన మాయ అడిగే ధర్మప్రశ్నలు

మాయ గర్భసంచి కండరానికి అతుక్కుపోయి, బిడ్డ బయటపడ్డాక కూడా విడిపోకుండా ఉండిపోయే స్థితిని వైద్యులు ప్లాసెంటా అక్రీటా అంటారు. కాన్పులో తల్లి ప్రాణానికి ఇంతటి ముప్పు తెచ్చే స్థితులు కొద్దే. ఇది ఎవరికి, ఎందుకు వస్తుందో తెలుస్తున్న కొద్దీ చర్చ ఆపరేషన్ థియేటర్ దాటి బయటికి వస్తుంది. జరిగినదాంట్లో దైవం వంతు ఎంత, మనిషి వంతు ఎంత? ఒకరు తీసుకున్న నిర్ణయానికి మరొకరు ఫలితం అనుభవిస్తే దాన్ని కర్మసిద్ధాంతంతో సర్దిచెప్పవచ్చా? తల్లి ప్రాణం, బిడ్డ ప్రాణం, తల్లి గర్భసంచి మూడూ నిలబెట్టలేనప్పుడు దేన్ని ముందు కాపాడాలి? వీటికి వైద్యశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు. ముందుగా శరీరంలో ఏం జరుగుతుందో తెలియకుండా ధర్మశాస్త్రమూ చెప్పలేదు.

మాయ విడిపోయే తీరు

నెలలు నిండేసరికి మాయ దాదాపు అరకిలో తూగుతుంది. వెడల్పు సుమారు 20 సెంటీమీటర్లు ఉంటుంది. అప్పటికి తల్లి గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం చేరుతూ ఉంటుంది. మాయకూ గర్భసంచి కండరానికీ నడుమ డెసిడువా అనే మెత్తని పొర ఒకటి ఉంటుంది. గర్భం నిలిచినప్పుడు గర్భసంచి లోపలి పొరే ఇలా మారుతుంది. బిడ్డ వైపు కణాలు ఈ పొరలోకి చొచ్చుకొచ్చి తల్లి రక్తనాళాలను వెడల్పు చేసుకుంటాయి గానీ ఒక హద్దు దగ్గర ఆగిపోతాయి. ఆ సరిహద్దులో ఉండే సన్నని పొరను 1887లో రైసా నిటాబుక్ అనే పరిశోధకురాలు వర్ణించారు.

బిడ్డ బయటికి వచ్చాక గర్భసంచి ముడుచుకుంటుంది. మాయ ముడుచుకోదు కాబట్టి డెసిడువా పొర దగ్గర తెగి ఊడివస్తుంది. అది ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలను, వాటి చుట్టూ అడ్డదిడ్డంగా అల్లుకున్న కండర పోగులు బిగించి మూసేస్తాయి. మామూలు కాన్పులో ఇదంతా అరగంటలోపే అయిపోతుంది.

డెసిడువా లేని చోట మాయ నాటుకుంటే ఈ క్రమం తప్పుతుంది. మాయ కండరానికి నేరుగా అంటుకుంటే అక్రీటా, కండరం లోపలికి దిగితే ఇంక్రీటా, కండరం దాటి గర్భసంచి బయటి పొర దాకా లేదా పక్కనున్న మూత్రాశయం దాకా వెళ్తే పర్‌క్రీటా అంటారు. అలాంటి మాయను చేత్తో లాగితే కొంత ముక్క వస్తుంది, కొంత ఉండిపోతుంది. కండరం పూర్తిగా ముడుచుకోలేదు, రక్తనాళాలు మూసుకోవు. నిమిషాల్లో లీటర్ల కొద్దీ రక్తం పోతుంది. పోయేకొద్దీ రక్తం గడ్డకట్టే గుణమే దెబ్బతింటుంది. మూత్రాశయానికి గాయం, కిడ్నీలు పనిచేయకపోవడం, ఐసీయూలో రోజులు, గర్భసంచి తీసేయాల్సి రావడం, కొన్నిసార్లు మరణం దీని పర్యవసానాలు.

కారణం ఎక్కడుంది

మాయ కణాలు మితిమీరిన దూకుడుతో కండరంలోకి చొచ్చుకుపోవడమే ఈ జబ్బుకు మూలమని చాలాకాలం అనుకున్నారు. ఆ లెక్కన తప్పు బిడ్డ వైపుది. కొన్నేళ్లుగా ఈ అభిప్రాయం మారుతోంది. దూకుడు కన్నా హద్దు లేకపోవడమే అసలు కారణమని ఎక్కువమంది పరిశోధకులు ఇప్పుడు భావిస్తున్నారు. గర్భసంచి మీద పాత గాటు ఉన్నచోట డెసిడువా సరిగా ఏర్పడదు, కండరం పలచబడి ఉంటుంది. మాయ అక్కడ నాటుకుంటే ఆగాల్సిన చోటు దానికి దొరకదు.

ఆ పాత గాటు చాలావరకు సిజేరియన్‌ది. కణితులు తీసిన ఆపరేషన్, పలుమార్లు చేయించుకున్న గర్భసంచి క్లీనింగ్, పెద్ద వయసు, ఐవీఎఫ్ కూడా ముప్పును పెంచుతాయి. అయినా అన్నిటికన్నా బరువైన కారణం, సిజేరియన్ అయిన స్త్రీకి మళ్లీ గర్భం వచ్చినప్పుడు మాయ కిందికి, అంటే గర్భసంచి ముఖద్వారం మీదికి, దిగి ఉండటం. అమెరికాలో 19 ఆసుపత్రుల్లో నొప్పులు మొదలుకాకముందే సిజేరియన్ అయిన 30,132 మంది స్త్రీలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ సంబంధాన్ని అంకెల్లో చూపింది. మాయ కిందికి ఉన్నవాళ్లలో, మొదటి సిజేరియన్ సమయానికి అది అతుక్కుపోయి ఉండే అవకాశం 3 శాతం. రెండో సిజేరియన్‌కు 11, మూడోదానికి 40, నాలుగోదానికి 61, ఆపైన 67 శాతం.

ఈ అంకెల్ని చూసి ఒక్క సిజేరియన్ అయిన ప్రతి తల్లీ బెంబేలెత్తాల్సిన పనిలేదు. అదే అధ్యయనంలో మాయ కిందికి లేనివాళ్లకు రెండో సిజేరియన్‌లో ఈ అవకాశం 0.2 శాతమే. ఒక్క మనిషి విషయంలో చిన్నదైన ముప్పు, లక్షల కాన్పుల మీద లెక్కవేస్తే పెద్దదవుతుంది. అమెరికాలో 1970, 80 దశకాల పరిశీలనల్లో 2,510 నుంచి 4,017 కాన్పులకు ఒకటిగా కనిపించిన ఈ జబ్బు, 1982-2002 నాటి ఒక పరిశీలనలో 533 కాన్పులకు ఒకటైంది. 2016లో వెలువడిన మరో లెక్క 272కు ఒకటని తేల్చింది. లెక్కించే పద్ధతులు మారినమాట నిజమే అయినా, సిజేరియన్లు పెరగడమే ఈ పెరుగుదలకు ముఖ్య కారణమన్నదాంట్లో వైద్యులకు పెద్దగా భేదాభిప్రాయం లేదు.

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. సిజేరియన్లు జనాభాలో 10 శాతం దాటాక, ఆపైన పెరిగే కొద్దీ తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

మాయ ఎవరిది

కర్మ సంగతికి వెళ్లేముందు తేల్చుకోవాల్సిన చిక్కు ఒకటుంది. మాయ తల్లి శరీరంలో భాగమా, బిడ్డ శరీరంలో భాగమా? పుట్టుక చూస్తే అది ఎక్కువగా బిడ్డది. ఫలదీకరణ చెందిన అండం నుంచే పిండమూ మాయా రెండూ ఏర్పడతాయి. ఉన్న చోటు చూస్తే అది తల్లి కడుపులో, తల్లి రక్తంలో తడుస్తూ ఉంటుంది. చరకసంహిత శారీరస్థానం దీన్ని ఒక వరుసగా చెప్పింది. బిడ్డ నాభికి నాడి, నాడికి అపర, అంటే మాయ, ఆ అపర తల్లి హృదయానికి కట్టుబడి ఉంటాయని దాని వర్ణన. అందులో తల్లీబిడ్డలను విడదీసే గీత ఎక్కడా లేదు, ఒకదాన్నొకటి పట్టుకున్న బంధమే ఉంది.

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ఈ మధ్యే దీనిమీద చర్చ ముదిరింది. గర్భాన్ని ఒక పాత్రగా, బిడ్డను అందులో ఉంచిన వేరే ప్రాణిగా చూడటం అలవాటైపోయిందని, నిజానికి పిండం తల్లి శరీరంలో భాగమేనని గట్టిగా వాదించవచ్చని ఎల్సలైన్ కింగ్మా 2019లో ‘మైండ్’ పత్రికలో రాశారు. పిండం మొదట్నుంచీ వేరే జీవి అనేవాళ్లూ ఉన్నారు.

అక్రీటాలో ఈ వాదం మాటల దగ్గర ఆగదు. బిడ్డది, తల్లిది అని విడదీసే పొరే అక్కడ లేదు. మాయ తీయాలంటే తల్లి కండరం తెగుతుంది. తల్లి కండరాన్ని కాపాడాలంటే మాయను వదిలేయాలి. తల్లీబిడ్డల మధ్య ఎంత దగ్గరితనం ఉంటే అంత మంచిదనే భావన లోకంలో ఉంది. శరీరం నేర్పేది వేరు. బిడ్డను పోషించడానికి దగ్గరితనం కావాలి, క్షేమంగా బయటికి పంపడానికి హద్దు కావాలి. ఆ హద్దు చెరిగితే ప్రమాదం తల్లికే.

రాసిపెట్టి ఉందా

కాన్పులో కీడు జరిగితే ఇళ్లలో మొదట వినబడే మాట ‘రాసిపెట్టి ఉంది’. ఓదార్పుగా అంటే ఆ మాటకు విలువ ఉంది. కారణంగా చెబితే మాత్రం ప్రాచీన వైద్యగ్రంథాలే దాన్ని ఒప్పుకోవు.

చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువైన ఆత్రేయుణ్ణి సూటిగా అడుగుతాడు: ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా, లేదా? ఆత్రేయుడు ఏదో ఒకవైపు మొగ్గడు. ఆయుష్షు దైవం, పురుషకారం రెండిటి బలాబలాల మీద ఆధారపడి ఉంటుందంటాడు. వెనకటి దేహంలో తాను చేసిన కర్మ దైవం, ఈ దేహంతో చేసేది పురుషకారం. దైవం బలహీనంగా ఉంటే పురుషకారం దాన్ని కొట్టేస్తుంది, బలంగా ఉంటే దైవమే గెలుస్తుంది. అంతా ముందే నిర్ణయమైతే మంత్రాలు, మందులు, శాంతులు ఎందుకని ఆయన ఎదురు వాదిస్తాడు. మదపుటేనుగు ఎదురైతే తప్పుకోవాల్సిన పనీ ఉండదు కదా అంటాడు. అకాలమరణానికి ఆయన ఇచ్చే ఉదాహరణ బండి ఇరుసు. బాగా చేసిన ఇరుసు తన కాలం తీరాక అరిగి విరుగుతుంది. అదే ఇరుసు మీద బరువు మించినా, దారి బాగాలేకపోయినా, తోలేవాడికి చేతకాకపోయినా నడిమధ్యలోనే విరుగుతుంది. దాన్ని విధి అనడం కుదరదు.

యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి ఇంకో అడుగు ముందుకేసి చెబుతాడు: దైవమంటూ వేరే లేదు, మునుపు చేసిన పౌరుషమే ఇప్పుడు దైవమనిపించుకుంటుంది.

అక్రీటాను ఈ సూత్రంతో చూస్తే విషయం తేటపడుతుంది. రెండో కాన్పుకొచ్చిన స్త్రీ కడుపు మీద గాటు అప్పటికే ఉంది. దాన్ని ఇప్పుడు చెరపలేరు. మాయ ఆ గాటు మీద నాటుకుంటుందా, పైన నాటుకుంటుందా అన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఆ క్షణానికి అదంతా దైవమే. కానీ ఆ గాటు మొదటి కాన్పు నాడు ఒక మనిషి నిర్ణయం, ఒక మనిషి చెయ్యి. నిన్నటి పురుషకారం నేడు దైవంగా మారడం కనిపించాలంటే ఇక్కడ జన్మ మారనక్కర్లేదు, రెండు మూడేళ్లు చాలు.

చేసిందొకరు, పడేదొకరు

ఇక్కడే కర్మసిద్ధాంతానికి అసలు పరీక్ష ఎదురవుతుంది. చేసినవాడే ఫలం అనుభవిస్తాడన్నది ఆ సిద్ధాంతానికి ప్రాణం. చేయనిది అనుభవించాల్సి రావడాన్ని శాస్త్రకారులు అకృతాభ్యాగమ దోషమన్నారు. సిజేరియన్ నిర్ణయంలో ఎంతమంది చెయ్యి ఉంటుంది? నొప్పులు ఓర్చుకోలేదని ముందే తేల్చేసే బంధువులు, తేదీ అడిగే భర్త, రాత్రంతా నొప్పుల దగ్గర కూర్చునే తీరికా సిబ్బందీ లేని ఆసుపత్రి, కేసు అవుతుందన్న భయంతో రిస్క్ తీసుకోని డాక్టరు, అదే ఊపులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోతుందన్న లెక్క. గాటు మాత్రం ఒక్కరి మీదే పడుతుంది. ఇద్దరు ఆడపిల్లలు పెద్దాపరేషన్‌తో పుట్టాక మగబిడ్డ కోసం మూడో కాన్పుకు ఒత్తిడి తెచ్చినప్పుడూ అంతే. దాన్ని ఆమె కర్మ అనడమంటే, నిర్ణయించినవాళ్లందరినీ లెక్కలోంచి తప్పించడమే.

అవసరమైన సిజేరియన్ ఈ విమర్శలోకి రాదు. బిడ్డ అడ్డం తిరిగినా, గుండె కొట్టుకోవడం పడిపోయినా, మాయ దారికి అడ్డంగా ఉన్నా ఆ ఆపరేషనే ఇద్దరినీ బతికిస్తుంది. అప్పుడు మిగిలే గాటు ప్రాణానికి చెల్లించిన న్యాయమైన మూల్యం. అవసరం లేని చోట పెట్టిన గాటు గురించే ప్రశ్న.

ముహూర్తం

అవసరం లేని సిజేరియన్లలో మతానికి నేరుగా తగిలేది ముహూర్తపు కాన్పు. మొత్తం సిజేరియన్లలో దాని వాటా పెద్దదని చెప్పలేకపోయినా, అందులో ఉన్న తర్కం మాత్రం విడిగా చూడాల్సినది. తతంగం తెలుగువాళ్లకు తెలిసిందే. డాక్టరు ఇచ్చిన డేట్లు పట్టుకుని ఇంటి పెద్ద సిద్ధాంతి దగ్గరికి వెళ్తాడు. ఆయన వర్జ్యం, దుర్ముహూర్తం తప్పించి, లగ్నం చూసి, ఒక చీటీ మీద ఇరవై ముప్పై నిమిషాల వ్యవధి రాసిస్తాడు. ఆ చీటీ ఆసుపత్రికి చేరుతుంది. మత్తు ముందే ఇచ్చి, గోడ గడియారం చూస్తూ కోత మొదలుపెడతారు. నొప్పులు రాలేదు, రావాల్సిన రోజు దాటలేదు, బిడ్డకు ఇబ్బందీ లేదు.

జ్యోతిషం జన్మకుండలిని దేనిగా చూస్తుందన్నది మొదటి ప్రశ్న. అది పూర్వకర్మను చూపించే సూచిక మాత్రమే అన్నది సంప్రదాయంలో బలమైన అభిప్రాయం. అదే నిజమైతే సూచికను మార్చినంత మాత్రాన అది సూచించే కర్మ మారదు. జీవుడు తన ప్రారబ్ధాన్ని వెంటబెట్టుకునే వస్తాడు, కుండలిలో మాత్రం వేరే రాత కనబడుతుంది. గ్రహస్థితే ఫలానికి కారణం అంటే ఇంకో చిక్కు. తల్లిదండ్రులు డబ్బు కట్టి కొన్న గడియతో బిడ్డ పూర్వకర్మ రద్దయిపోతే, చేసిందానికి ఫలం తప్పదన్న సూత్రమే కూలిపోతుంది. ఆ ముహూర్తం ఎంచుకోవడం కూడా బిడ్డ ప్రారబ్ధంలోనే ఉందని మూడో సమాధానం చెప్పవచ్చు. అప్పుడు సిద్ధాంతి దగ్గరికి వెళ్లకపోయినా బిడ్డకు రావాల్సిన గడియ వచ్చితీరాలి, కోత పెట్టాల్సిన పని ఉండదు. మూడు దారుల్లో ఏది పట్టినా, కర్మను నమ్మేవాళ్లకు ముహూర్తపు కోత అవసరమని తేలదు.

ముహూర్తశాస్త్రం మనిషి తలపెట్టే పనులకు పుట్టింది. పెళ్లి, గృహప్రవేశం, ప్రయాణం, విత్తనం చల్లడం మనిషి మొదలుపెట్టేవి. పుట్టుకకు లెక్క జాతకభాగంలో, పుట్టాక వేసేది. శిరోదర్శనం జన్మకాలమా, నేలను తాకిన క్షణమా, బొడ్డు కోసిన క్షణమా అని జ్యోతిష్కులు తర్కించుకున్నది కూడా దానంతట అది జరిగిన క్షణాన్ని గుర్తించడానికే. మొదటి విభాగపు పనిముట్టును రెండోదానికి వాడటం శాస్త్రాన్ని గౌరవించడం అనిపించుకోదు. పైగా చీటీలో రాసే ఫలమంతా బిడ్డ గురించే. తల్లి తర్వాతి గర్భం గురించి అందులో ఒక్క గడీ ఉండదు.

ముందే తెలిస్తే

పూర్వం ఈ స్థితి కాన్పు బల్ల మీదే బయటపడేది. సుశ్రుతసంహితలో అపర పడకపోతే కడుపు ఉబ్బుతుందని చెప్పి, వెంట్రుకలు చుట్టిన వేలితో తల్లి గొంతు రాసి ఓకరింపు తెప్పించమన్నారు. ఆ ఒత్తిడికి మాయ ఊడిపడుతుందని ఆశ. కాస్త ఆలస్యమైన మాయకు అది పనికొచ్చి ఉండవచ్చు, కండరంలోకి దిగినదానికి పనికిరాదు.

ఇప్పుడు పాత సిజేరియన్, కిందికి ఉన్న మాయ రెండూ కలిస్తే స్కానింగ్‌లో వెతకాల్సిందేమిటో వైద్యులకు తెలుసు. మాయ వెనక మామూలుగా కనిపించే సన్నని నల్ల గీత చెరిగిపోయి ఉంటుంది. మాయలో అక్కడక్కడా చిల్లులు పడ్డట్టు నల్లటి రక్తపు మడుగులు కనిపిస్తాయి. డాప్లర్ పెడితే మూత్రాశయం వైపు రక్తనాళాలు గుంపులుగా రంగుల్లో వెలుగుతాయి. అవసరమైతే ఎమ్మారై తీస్తారు. అనుమానం గట్టిపడితే నెలలు నిండేదాకా ఆగరు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 34 నుంచి 36 వారాల లోపు కాన్పు చేయమంటుంది. రక్తం ముందే సమకూర్చుకుని, మూత్రాశయ సర్జన్లను, మత్తు డాక్టర్లను, పసిపిల్లల వైద్యులను ఒకచోట చేర్చుకుని, గర్భసంచిని మాయ లేని చోట కోసి బిడ్డను తీస్తారు. ఆ తర్వాత మాయను ఎవరూ తాకరు. బొడ్డు కట్టి కోసి, మాయను లోపలే ఉంచి గర్భసంచిని మూసి, రెండిటినీ కలిపి తీసేస్తారు.

ఈ ప్రణాళికలో మూడు ధర్మసంకటాలున్నాయి.

మొదటిది కాలం. నెల ముందే పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తుల ఇబ్బంది రావచ్చు. ఆగితే తల్లికి హఠాత్తుగా రక్తస్రావం కావచ్చు. ఇక్కడ ఒక ప్రాణాన్ని మరో ప్రాణానికి బలిపెట్టడం లేదు, ముప్పును ఇద్దరి మధ్య పంచుతున్నారు. ఇంతకన్నా కఠినమైన స్థితిలో ఏం చేయాలో పాత ధర్మగ్రంథాలు చెప్పాయి. యూదుల మిష్నాలో ఓహలోత్ ఏడో అధ్యాయం, కాన్పు కష్టమైతే కడుపులోని బిడ్డ కన్నా తల్లి ప్రాణం ముందంటుంది. బిడ్డ ఎక్కువ భాగం బయటికి వచ్చాక మాత్రం ఒక ప్రాణం కోసం మరో ప్రాణాన్ని తీయకూడదంటుంది. సుశ్రుతుడు మూఢగర్భ (బిడ్డ బయటికి రాకుండా ఇరుక్కుపోయిన కాన్పు) చికిత్సలో, బతికున్న బిడ్డను శస్త్రంతో కోయవద్దని, అలా చేస్తే తల్లీబిడ్డా ఇద్దరూ పోతారని హెచ్చరించాడు. బిడ్డ చనిపోయిందని తేలితే తల్లిని కాపాడటానికి ఆలస్యం చేయవద్దన్నాడు. ఇదే సంకటం ఇప్పుడు తొలివారాల్లో ఎదురవుతోంది. గర్భం సరిగ్గా సిజేరియన్ గాటులోనే నాటుకుందని ఆరేడు వారాల స్కానింగ్‌లో తేలితే, దాన్ని కొనసాగించడమంటే చాలాసార్లు అక్రీటాకు దారి వేయడమే. అప్పుడు గర్భం తీసేయాలా అన్నది తల్లి ప్రాణం, పిండం జీవం రెండిటినీ ఎదురెదురుగా నిలబెడుతుంది.

రెండోది గర్భసంచి. దీనిమీద క్రైస్తవ కథోలిక సంఘం ఇచ్చిన సమాధానాలు ఈ జబ్బుకు చాలా దగ్గరివి. కాన్పులోనో సిజేరియన్‌లోనో గర్భసంచి తీవ్రంగా దెబ్బతిని ప్రాణం మీదికి వస్తే తీసేయవచ్చా అని అడిగితే, వాటికన్‌లోని విశ్వాస సిద్ధాంత సంఘం 1993లో తీసేయవచ్చని చెప్పింది. అక్కడ ఉద్దేశం ప్రాణం కాపాడటం, సంతానం ఆగిపోవడం దాని వెంట వచ్చే పర్యవసానం. పాత సిజేరియన్ల వల్ల గర్భసంచి బలహీనమై, ఇప్పటికి ముప్పు లేకపోయినా మళ్లీ గర్భం వస్తే ప్రమాదం కావచ్చంటే మాత్రం తీయకూడదంది. ఆ ముప్పు గర్భసంచి వల్ల వచ్చేది కాదు, గర్భం దాలిస్తే వచ్చేదన్నది దాని వాదం. 2018 డిసెంబరులో ఇచ్చిన మరో సమాధానం, గర్భసంచి ఇక బిడ్డను మోయలేని స్థితికి చేరిందని వైద్యులు నిశ్చయిస్తే తీయడం తప్పు కాదంది. మాయ కండరంలోకి దిగిన గర్భసంచి మొదటి సమాధానం కిందికే వస్తుంది.

గర్భసంచిని నిలుపుకోవాలనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. మాయను లోపలే వదిలేసి, అది వారాలు, నెలల మీద తనంతట తాను కరిగిపోయేదాకా కనిపెట్టుకుని ఉండటం. ఫ్రాన్సులో ఇలా చికిత్స పొందిన 167 మంది మీద 2010లో ప్రచురించిన పరిశీలనలో 78 శాతం మందికి గర్భసంచి నిలిచింది. 6 శాతం మందికి తీవ్రమైన సమస్యలు వచ్చాయి, ఒకరు చనిపోయారు. మళ్లీ పిల్లలు కావాలన్న కోరిక ఈ ముప్పుకు తగినంత బరువైనదా అన్నది అంకెలతో తేలదు. ఆ బరువు తూచాల్సింది ఆమే.

మూడోది రక్తం. యెహోవాసాక్షులు లేఖనాల ఆధారంగా 1945 నుంచి రక్తమార్పిడిని నిరాకరిస్తున్నారు. లీటర్ల కొద్దీ రక్తం పోయే జబ్బులో ఇది నేరుగా ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్‌లో పోయిన సొంత రక్తాన్నే యంత్రంలో శుభ్రపరిచి తిరిగి ఎక్కించే పద్ధతిని ఒప్పుకోవాలా అన్నది ఆ మతం వ్యక్తి మనస్సాక్షికి వదిలేసింది. అందుకే వారాల ముందే అడిగి రాయించుకోవడం వైద్యుడి ధర్మం. బల్ల మీద అడిగితే అది ఎంపిక అనిపించుకోదు.

ఒప్పుకోలు ఎవరిది

మూడు సంకటాల్లోనూ తేలేది ఒకటే: నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్న తప్పించుకోలేనిది. సుశ్రుతుడు మూఢగర్భ శస్త్రానికి ముందు అధిపతి అనుమతి తీసుకోమన్నాడు. ఆపరేషన్ కాగితాల మీద భర్తో మామగారో సంతకం పెట్టే అలవాటు ఆ బాటలోనే సాగుతోంది. చట్టం మాత్రం మారింది. మత్తులో ఉన్న ఒక స్త్రీ గర్భసంచిని ఆమె తల్లి అనుమతితో తీసేసిన కేసులో, వయసొచ్చిన స్త్రీ శరీరం మీద ఒప్పుకోలు ఆమెదే కావాలని, పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. ప్రాణాపాయంలో ఆగే వ్యవధి లేనప్పుడు మాత్రమే మినహాయింపు. అక్రీటా స్కానింగ్‌లో ముందే తెలుస్తోంది కాబట్టి, చాలామంది విషయంలో ఆ మినహాయింపును ఆసరా చేసుకోవాల్సిన పనిలేదు.

కర్మసిద్ధాంతం దృష్టితోనూ ఈ తీర్పు సరైనదే. ఫలం అనుభవించేవాళ్లే కర్త కావాలంటే, కత్తి పడే శరీరం ఎవరిదో నిర్ణయమూ వాళ్లదే కావాలి. అది రెండో కాన్పులో గర్భసంచి తీసే కాగితానికే కాదు, మొదటి కాన్పులో సిజేరియన్ కాగితానికీ వర్తిస్తుంది. ఆ మొదటి సంతకానికి ముందు ఆమెకు చెప్పాల్సినవి కొన్నున్నాయి: ఈ కోత ఇప్పుడు ఎందుకు అవసరం, ఆగితే ఏమవుతుంది, మళ్లీ గర్భం వస్తే ఈ గాటు వల్ల ఏం జరగవచ్చు, అప్పుడు మాయ ఎక్కడుందో ఎన్నో నెలలో చూపించుకోవాలి. ఇవి విని ఆమె ఒప్పుకుంటే, తర్వాత ఏం జరిగినా అందులో ఆమె పురుషకారం ఉంటుంది. వినిపించకుండా జరిగితే, రేపు దాన్ని దైవమని పిలిచే హక్కు నిర్ణయించినవాళ్లకు ఉండదు.